‘వీల్‌చైర్’ అని టిక్కు పెడితే సరిపోదు

విమానం టికెట్ బుక్ చేసేటప్పుడు ‘వీల్‌చైర్ కావాలి’ అన్న గడిలో టిక్కు పెట్టి, ఇక పని అయిపోయిందనుకుంటాం. అసలు ఇబ్బందంతా ఆ టిక్కు దగ్గరే మొదలవుతుంది. అమెరికాలో ఉన్న బిడ్డ దగ్గరికి మొదటిసారి పోతున్న హన్మకొండ పెద్దమ్మ కూడా అదే గడిలో టిక్కు పెట్టిస్తుంది. ఆమె నడవగలదు. అంత పెద్ద ఎయిర్‌పోర్టులో దారి తప్పకుండా, ఇంగ్లిష్‌లో జవాబులు చెప్పుకునే బాధ లేకుండా ఎవరైనా వెంట ఉంటే చాలు. అందులో ఆమె తప్పేమీ లేదు. కానీ వెన్నుపూస దెబ్బతిని నడుం కింద స్పర్శ లేని మనిషిదీ అదే టిక్కు. దాంతో ఇద్దరికీ ఒకే రకం కుర్చీ, తోయడానికి ఒక్క కుర్రాడు వస్తారు. పెద్దమ్మకు అది సరిపోతుంది, రెండో మనిషికి విమానం తలుపు దగ్గరికి చేరేసరికి అంతా ఆగమాగం అవుతుంది.

విమానయాన సంస్థల లెక్కలో ఈ టిక్కు వెనక మూడు కోడ్‌లున్నాయి. డబ్ల్యూసీహెచ్‌ఆర్ అంటే మెట్లెక్కగలరు, సీటు దాకా నడవగలరు, ఎక్కువ దూరం మాత్రం నడవలేరు. డబ్ల్యూసీహెచ్‌ఎస్ అంటే మెట్లెక్కలేరు, విమానం లోపలికి చేరాక నాలుగడుగులు వేసి సీట్లో కూర్చోగలరు. డబ్ల్యూసీహెచ్‌సీ అంటే అడుగు కూడా వేయలేరు, సీటు దాకా సన్న కుర్చీలో తీసుకెళ్లి ఎత్తి కూర్చోబెట్టాలి. ఎత్తే మనుషులు, సన్న కుర్చీ, విమానం తలుపు ఎత్తుకు లేపే ఆంబులిఫ్ట్ బండి మీ పేరు మీద సిద్ధంగా ఉండాలంటే ఈ మూడో కోడే పడాలి. ఏజెంటు ఏమీ అడగకపోతే, మీరూ ఏమీ చెప్పకపోతే, పడేది మొదటి కోడే.

అందుకే టికెట్ చేతికొచ్చిన రోజే ఎయిర్‌లైన్ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి సూటిగా అడగండి: ‘నా పీఎన్‌ఆర్‌లో వీల్‌చైర్ రిక్వెస్ట్ ఏ కోడ్‌తో ఉంది?’ వాళ్లు ‘వీల్‌చైర్ ఉంది సార్’ అంటే అది జవాబు కాదు. కోడ్ అక్షరాలు చదివి వినిపించమనండి. మధ్యలో విమానం మారేది ఉంటే ప్రతి విమానానికీ విడిగా అడగాలి. శంషాబాద్ నుంచి ఢిల్లీ దాకా ఒక సంస్థ, అక్కడి నుంచి ఇంకో సంస్థ అయితే మొదటి టికెట్ మీద పెట్టిన కోడ్ రెండో దానికి పోకపోవచ్చు. సొంత కుర్చీ తీసుకెళ్తుంటే దానికీ వేరే కోడ్ ఉంటుంది. చేత్తో తిప్పుకునేదైతే డబ్ల్యూసీఎంపీ, ద్రవం కారని డ్రై బ్యాటరీదైతే డబ్ల్యూసీబీడీ, యాసిడ్ పోసే తడి బ్యాటరీదైతే డబ్ల్యూసీబీడబ్ల్యూ, లిథియందైతే డబ్ల్యూసీఎల్‌బీ. కుర్చీ బరువు, మడిచాక పొడవు, వెడల్పు, ఎత్తు కూడా ఫోన్‌లో చెప్పి, అదే రాత్రి ఈమెయిల్‌లో కూడా పంపండి. కౌంటర్ దగ్గర ‘మాకు చెప్పలేదు’ అన్నప్పుడు చూపించడానికి పనికొచ్చేది ఆ మెయిలే.

ఇదంతా ప్రయాణానికి కనీసం 48 గంటల ముందు అయిపోవాలి. విమానయానాన్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ నిబంధనల్లో వికలాంగ ప్రయాణికుల మీద ఒక భాగమే ఉంది, ఈ గడువు అందులోదే. టికెట్ కొన్న మనిషిని బయల్దేరే లాంజ్ నుంచి విమానం దాకా, దిగాక విమానం నుంచి బయటి ద్వారం దాకా అదనపు ఖర్చు లేకుండా చేర్చడం సంస్థ బాధ్యత అని కూడా అందులోనే ఉంది. కుర్చీని లగేజీ బరువులో కలుపుతారా, దానికి డబ్బులు అడుగుతారా అన్నది కూడా అప్పుడే తేల్చుకోండి.

డాక్టర్ సర్టిఫికెట్ విషయంలో మనోళ్లు అనవసరంగా భయపడతారు. పోలియో, పాత వెన్నెముక దెబ్బ, కాలు తీసేయడం, సెరిబ్రల్ పాల్సీ లాంటివి స్థిరంగా ఉన్న పరిస్థితులు, రోగాలు కావు. వీటికి ‘ఫిట్ టు ఫ్లై’ పత్రం అక్కర్లేదు. మెడిఫ్ అనే వైద్య ఫారం ఇటీవలి ఆపరేషన్, ఆక్సిజన్ అవసరం, స్ట్రెచర్, గాల్లో ముదిరే అవకాశం ఉన్న జబ్బు, ఇలాంటి వాటికే. 2022 మేలో రాంచీలో ఒక వికలాంగ బాలుణ్ని విమానం ఎక్కనివ్వలేదు. ఆ సంస్థకు డీజీసీఏ 5 లక్షల జరిమానా వేసింది, ఆ ఏడాదే నిబంధన కూడా మార్చింది. వైకల్యం ఉందన్న కారణంతో ఎక్కించుకోకుండా ఉండటానికి వీల్లేదు. గాల్లో ఆరోగ్యం దెబ్బతింటుందని సంస్థకు అనుమానం వస్తే, ఎయిర్‌పోర్టులోనే డాక్టర్‌తో ఎదురుగా పరీక్ష చేయించాలి. ఆ డాక్టర్ మాట మీదే నిర్ణయం ఉండాలి. కౌంటర్‌లో కూర్చున్నవాళ్లు చూపుతో తేల్చే సంగతి కాదిది. అంతకు ముందు 2012లో కోల్‌కతాలో జీజా ఘోష్‌ను విమానం ఎక్కాక దింపేస్తే, 2016లో సుప్రీంకోర్టు ఆమెకు 10 లక్షల పరిహారం ఇప్పించింది. ఈ రెండు సంగతులూ గుర్తుంటే కౌంటర్ దగ్గర గొంతు వణకదు. సదరం సర్టిఫికెట్, కేంద్రం ఇచ్చే వైకల్య గుర్తింపు కార్డు (యూడీఐడీ) ఫోన్‌లో ఫొటోగా, సంచిలో జిరాక్స్‌గా రెండు రకాలుగా ఉంచుకోండి.

బ్యాటరీ కుర్చీ ఉన్నవాళ్లు ఇంట్లోనే ఒక గుణకారం చేసుకోవాలి. బ్యాటరీ మీద రాసిన వోల్టులను ఆంపియర్ అవర్లతో గుణిస్తే వాట్ అవర్లు వస్తాయి. 24 వోల్టులు, 12 ఆంపియర్ అవర్లు అంటే 288. ఊడదీయగలిగే లిథియం బ్యాటరీకి పరిమితి 300, కాబట్టి ఇది పాస్. అదే 24 వోల్టులు, 20 ఆంపియర్ అవర్లైతే 480, దాన్ని ఒప్పుకోరు. రెండు బ్యాటరీలతో నడిచే కుర్చీ అయితే ఒక్కోటి 160 దాటకూడదు. కుర్చీ కొనే ముందే ఈ లెక్క చూసుకోవాలి, ఎందుకంటే ఎక్కువ దూరం నడుస్తుందని పెద్ద బ్యాటరీ అంటగట్టే దుకాణాలు విమానం సంగతి చెప్పవు. ఊడదీసే లిథియం బ్యాటరీని కార్గోలో వేయకూడదు. తీసి, కొనలకు టేపు చుట్టి, సంచిలో పెట్టి మీతోపాటు క్యాబిన్‌లోకే తీసుకెళ్లాలి. కుర్చీలోనే బిగించి ఉండేలా తయారైన బ్యాటరీకి ఈ 300 పరిమితి లేదు, కానీ కరెంటు పూర్తిగా తెగేలా స్విచ్చో ప్లగ్గో ఉండాలి, కుర్చీ దానంతటది కదలకూడదు. ఏ రకమైనా ఎయిర్‌లైన్ ముందస్తు ఒప్పుకోలు కావాలి. కంపెనీ ఇచ్చిన కాగితంలో వాట్ అవర్లున్న పేజీని ప్రింటు తీసుకోండి. బ్యాటరీ మీది అక్షరాలు అరిగిపోతే సెక్యూరిటీ దగ్గర ఆ కాగితమే దిక్కు.

మనకు ప్రయాణం శంషాబాద్‌లో మొదలుకాదు. వరంగల్ నుంచి జనగామ, భువనగిరి, ఘట్‌కేసర్ మీదుగా ఔటర్ ఎక్కి ఎయిర్‌పోర్టు చేరేసరికి మూడు గంటలు దాటుతుంది. ఆదిలాబాద్ వాళ్లకు ఇంకా ఎక్కువ. దాని మీద ఎయిర్‌పోర్టులో మూడు గంటలు, విమానంలో రెండు గంటలు కలిపితే ఎనిమిది గంటలు ఒకే పిర్రల మీద కూర్చోవడం. స్పర్శ లేనివాళ్లకు పుండు పడటానికి ఇంతసేపు అక్కర్లేదు. కారులో కూడా మీ కుషన్ మీదే కూర్చోండి. అరగంటకోసారి చేతులు ఆనించి లేవడమో, పక్కకు వాలడమో రెండు నిమిషాలు చేయాలి. ఇంకో చిన్న సంగతి: కారు మాట్లాడేటప్పుడు సీఎన్‌జీదా అని అడగండి. డిక్కీలో సిలిండర్ ఉంటే మడిచిన కుర్చీ కూడా పట్టదు, పొద్దున నాలుగింటికి ఆ సంగతి తెలిస్తే చేసేదేమీ ఉండదు.

చెక్-ఇన్ కౌంటర్ దగ్గర మొట్టమొదటి మాట ‘మీ కుర్చీ ఇక్కడ ఇచ్చేయండి, మాది ఎక్కండి’ అని వస్తుంది. ఒప్పుకోకండి. ఎయిర్‌పోర్టు కుర్చీకి వెనక చక్రాలు చిన్నవి, చేత్తో తిప్పుకోలేరు. సీటు మీకంటే వెడల్పు, కుషన్ ఉండదు, నడుముకు ఆనిక ఉండదు. అప్పటిదాకా తన పని తాను చేసుకునే మనిషి అందులో కూర్చున్న క్షణం నుంచి నీళ్లకూ బాత్రూంకూ ఇంకొకరి కోసం ఎదురుచూడాలి. విమానం తలుపు దాకా సొంత కుర్చీలోనే వస్తానని చెప్పండి. అక్కడే కుర్చీకి ‘డెలివరీ ఎట్ ఎయిర్‌క్రాఫ్ట్’ ట్యాగ్ కట్టించండి, దిగిన చోట కూడా తలుపు దగ్గరికే తేవాలని దానర్థం. అది లేకపోతే కుర్చీ బెల్టు మీద సూట్‌కేసులతో కలిసి వస్తుంది. సెక్యూరిటీలో సీఐఎస్ఎఫ్ వాళ్లు కుర్చీలో కూర్చున్నట్టే తడిమి చూడవచ్చు, కుర్చీని గుడ్డ ముక్కతో తుడిచి యంత్రంలో పరీక్షించవచ్చు. లేచి నిలబడమంటే లేవలేనని చెప్పండి, చాటు గదిలో చూడమని అడగండి.

టెర్మినల్ నుంచి విమానానికి ఆనుకునే వంతెన, అంటే ఏరోబ్రిడ్జి ఉంటే తలుపు దాకా సాఫీగా పోతారు. లేకపోతే మెట్లు. అప్పుడు కావాల్సింది ఆంబులిఫ్ట్, అంటే పెట్టెలాంటి గది పైకి లేచి విమానం తలుపుకు ఆనుకునే బండి. కొన్ని చోట్ల పొడవాటి ర్యాంప్ పెడతారు. రెండూ లేవని, నలుగురు కుర్రాళ్లు కుర్చీతో సహా మెట్లమీదుగా మోసుకెళ్తామంటే వద్దనే హక్కు మీకుంది. సమ్మతి లేకుండా మనిషిని చేతులతో ఎత్తకూడదని 2021 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు కూడా స్పష్టంగా చెప్పింది. ఆంబులిఫ్ట్ ఇంకో విమానం దగ్గర ఉందంటే అది వచ్చేదాకా ఆగుతానని చెప్పండి. ఆలస్యం మీ వల్ల అన్న మాట పడాల్సిన పని లేదు, 48 గంటల ముందే చెప్పి ఉన్నారు కదా.

తలుపు దగ్గర నుంచి సీటు దాకా పదిహేను అడుగుల దూరం. మొత్తం ప్రయాణంలో దెబ్బలు తగిలేది ఇక్కడే. ఎయిర్‌బస్ ఏ320 లాంటి విమానంలో నడవా దాదాపు 19 అంగుళాలు, మామూలు వీల్‌చైర్ వెడల్పు 24 నుంచి 26. అందుకే ఐల్ చైర్ అనే సన్న కుర్చీ వాడతారు. దానికి ఛాతీకి, ఒళ్లో, కాళ్లకు బెల్టులుంటాయి. మూడూ బిగించేదాకా కదలనివ్వకండి. కాళ్ల బెల్టు వదిలేస్తే పాదం జారి సీటు ఇనుప కాలికి తగులుతుంది, స్పర్శ లేకపోతే ఇంటికి వచ్చి సాక్సు విప్పేదాకా తెలియదు. సీటు దగ్గర మొదట చేయాల్సింది నడవా వైపు ఆర్మ్‌రెస్ట్ లేపడం. అది లేవదని సిబ్బంది కూడా అనుకుంటారు. చాలా వరుసల్లో ఆర్మ్‌రెస్ట్ అడుగున, కీలు దగ్గర, వేలితో తడిమితే చిన్న మీట తగులుతుంది. దాన్ని నొక్కి పట్టుకుని లేపితే మొత్తం పైకి వస్తుంది. మొదటి వరుసలో ట్రే దాని లోపలే ఉంటుంది కాబట్టి అక్కడ లేవదు. ముందు వరుస విశాలంగా ఉంటుందని మీకు ఇస్తే, పక్కకు జరగలేక ఆర్మ్‌రెస్ట్ మీదుగా గాల్లోకి ఎత్తించుకోవాల్సి వస్తుంది. ఎమర్జెన్సీ తలుపు వరుస ఎలాగూ ఇవ్వరు, కిటికీ సీటు ఇస్తే మూడు సీట్లు జరగాలి. అందుకే సీటు నంబరు కూడా ఫోన్‌లోనే మాట్లాడుకోవాలి.

ఎత్తేటప్పుడు ఇద్దరు కావాలి. బలమైనవాడు వెనక, రెండోవాడు ముందు. మీరు చేతులు ఛాతీ మీద కట్టుకోండి. వెనకవాడు చంకల కింద నుంచి చేతులు పోనిచ్చి మీ ముంజేతులను పట్టుకోవాలి. ముందువాడు మోకాళ్ల కింద రెండు చేతులూ వేయాలి. లెక్క మీరే చెప్పండి, మూడు అన్నప్పుడు లేపాలి. ప్యాంటు నడుం పట్టుకుని లాగితే చర్మం ఒరుసుకుపోతుంది. భుజాలు పట్టి లేపితే పక్షవాతం వచ్చిన చెయ్యి కీలు జారుతుంది. మూత్రం సంచి ఉంటే ఎత్తే ముందే ఒళ్లోకి తెచ్చుకోవాలి, అది ఆర్మ్‌రెస్ట్‌కు తగులుకుంటే గొట్టం లోపలి నుంచి లాగుతుంది. ఢిల్లీలోనో ముంబయిలోనో అయితే ఈ నాలుగు మాటలూ హిందీలో ఒక కాగితం మీద రాసి ఉంచుకుంటే బాగుంటుంది. ఆ కుర్రాళ్లకు చెడు ఉద్దేశం ఉండదు, ఎలా పట్టుకోవాలో చెప్పినవాళ్లే ఉండరు.

గాలి కుషన్ వాడేవాళ్లకు ఒక జాగ్రత్త. విమానం పైకి వెళ్లాక క్యాబిన్‌లో గాలి ఒత్తిడి ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల కొండ మీద ఉన్నంతే ఉంటుంది. కుషన్‌లోని గాలి ఉబ్బి గట్టిపడుతుంది, మీరు ఎముకల మీద తేలుతూ కూర్చున్నట్టవుతుంది. విమానం సమంగా ఎగరడం మొదలయ్యాక కొంచెం గాలి వదలండి, దిగాక మళ్లీ నింపండి. పంపు సూట్‌కేసులో కాదు, చేతి సంచిలో ఉండాలి. టైర్లలో గాలి తీసేయమని ఎవరైనా అంటే మాత్రం అవసరం లేదు. ఇలాంటి విమానాల్లో కార్గో గది కూడా ఒత్తిడిలోనే ఉంటుంది, తేడా నాలుగు పీఎస్ఐకి మించదు.

బాత్రూం గురించి ఎవరూ మాట్లాడరు కాబట్టి చెప్తున్నా. చిన్న విమానాల బాత్రూంలోకి ఐల్ చైర్ పోదు. ఆ భయంతో ముందు రోజు నుంచే నీళ్లు మానేస్తారు, తర్వాత వారానికి జ్వరం, మూత్రంలో ఇన్‌ఫెక్షన్. నీళ్లు మానకండి. ఎక్కే ముందు ఎయిర్‌పోర్టులోని వికలాంగుల బాత్రూంలో సంచి ఖాళీ చేయండి, డైపర్ మార్చుకోండి, అరలీటరు కాకుండా ముప్పావు లీటరు సంచి కట్టుకోండి. ఛాతీ మధ్య భాగానికి పైన వెన్నుపాము దెబ్బతిన్నవాళ్లు గొట్టం మడత పడకుండా చూసుకోవాలి. అది మూసుకుపోతే బీపీ ఒక్కసారిగా పెరిగి తలనొప్పి, ముఖం మీద చెమటలు వస్తాయి. అప్పుడు నిటారుగా కూర్చుని మొదట గొట్టం చూడాలి.

ఇక కింద, కార్గోలో కుర్చీ పరిస్థితి. బోయింగ్ 737 కార్గో తలుపు మీటరు ఎత్తు కూడా ఉండదు. వీపు మడవని బ్యాటరీ కుర్చీని అందులోకి పక్కకు పడుకోబెట్టి తోస్తారు, జాయ్‌స్టిక్ విరిగేది అప్పుడే. లోడర్‌కు ఆ కుర్చీ ఎలా పనిచేస్తుందో తెలియదు. మోటార్ల దగ్గర రెండు చిన్న మీటలుంటాయి, అవి వదిలితేనే చక్రాలు స్వేచ్ఛగా తిరుగుతాయి. తెలియనివాడు బిగుసుకుపోయిన చక్రాలతోనే ఈడ్చుకెళ్తాడు, గేర్లు అరుగుతాయి. కాబట్టి ఊడే ప్రతిదాన్నీ తలుపు దగ్గరే ఊడదీయండి. కుషన్, జాయ్‌స్టిక్, పక్క పలకలు, తల ఆనిక, పాదాల పలకలు ఒక గుడ్డ సంచిలో వేసుకుని లోపలికి తీసుకెళ్లండి. జాయ్‌స్టిక్ ఊడకపోతే మందపాటి స్పాంజి చుట్టి టేపు వేయండి. మీటల దగ్గర, పట్టుకుని ఎత్తాల్సిన ఇనుప కడ్డీ దగ్గర రంగు టేపు అంటించి, హిందీలో, ఇంగ్లిష్‌లో పెద్ద అక్షరాలతో ‘ఇక్కడ పట్టుకోండి’, ‘ఇక్కడ పట్టుకోవద్దు’, ‘తోయడానికి ఈ మీట తిప్పండి’ అని రాయండి. మామూలు కుర్చీలో బటన్ నొక్కితే ఊడే చక్రాలుంటే వాటిని ఫ్రేమ్‌కు తాడుతో కట్టి, ప్రతి ముక్కకూ మీ పేరు, ఫోన్ నంబరు కట్టండి. అప్పగించే ముందు నాలుగు వైపులా ఫొటో తీసి, కుర్చీ కదలడం ఒక నిమిషం వీడియో తీయండి.

దిగాక తొందరపడొద్దు, ఎలాగూ అందరూ దిగాకే మీ వంతు. కుర్చీ వచ్చాక అక్కడే సమమైన నేల మీద పెట్టి చూడండి. నాలుగు చక్రాలూ నేలకు తగులుతున్నాయా, లేక ఒకటి గాల్లో ఉందా? ముందు చిన్న చక్రాల ఫోర్కు వంగిందా? వెనక చక్రాన్ని లేపి తిప్పితే రిమ్ము అటూ ఇటూ ఊగుతోందా? బ్రేకు వేస్తే కుర్చీ ఆగుతోందా? ఏ తేడా ఉన్నా ఎయిర్‌పోర్టు బయటికి రాకముందే పీఐఆర్ అనే ఫిర్యాదు ఫారం రాయించి, దాని నంబరు తీసుకోండి. బయటికి వచ్చాక ఎక్కడ విరిగిందో నిరూపించడం మీ మెడకు పడుతుంది. అంతర్జాతీయ ప్రయాణంలో దెబ్బతిన్న సామాను గురించి 7 రోజుల్లోపు రాతపూర్వకంగా చెప్పాలి.

పరిహారం విషయంలో నిజం చేదుగా ఉంటుంది. చట్టం దృష్టిలో మీ కుర్చీ కూడా సామానే. అంతర్జాతీయ విమాన ప్రయాణాలకు వర్తించే మాంట్రియల్ ఒప్పందం కింద సామానుకు ఇచ్చే గరిష్ఠ పరిహారం 2024 డిసెంబర్ 28 నుంచి 1,519 ఎస్‌డీఆర్‌లు (అంతర్జాతీయ ద్రవ్య నిధి లెక్క యూనిట్లు), మన డబ్బుల్లో లక్షన్నర పైన. మంచి బ్యాటరీ కుర్చీ ఖరీదు అంతకు రెండింతలూ ఉండొచ్చు. మనిషి కాళ్లను సూట్‌కేసుతో సమానం చేసే ఈ లెక్క మారాలి, ఇందులో నాకు రెండో మాట లేదు. మారేదాకా ఒక దారి ఉంది: చెక్-ఇన్ సమయంలోనే కుర్చీ విలువను ప్రత్యేకంగా ప్రకటించవచ్చు. అదే ఒప్పందంలో ఆ వీలుంది, దానికి సంస్థ కొంత రుసుము అడగవచ్చు. కొన్న బిల్లు జిరాక్స్ వెంట ఉంచుకోండి. సంస్థ జవాబివ్వకపోతే ఎయిర్‌సేవా పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి, తర్వాత వికలాంగుల కమిషనర్‌కు, వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు.

విదేశాల్లో విమానం మారేవాళ్లకు ఒక్క మాట. యూరప్‌లో 2006 నాటి చట్టం ప్రకారం వీల్‌చైర్ సాయం ఎయిర్‌పోర్టు బాధ్యత, ఎయిర్‌లైన్‌ది కాదు. అమెరికాలో ఎయిర్‌లైన్‌దే. ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఎయిర్‌లైన్ కౌంటర్ మీద అరిచి లాభం లేదు, ఎయిర్‌పోర్టు సహాయ కేంద్రాన్ని అడగాలి. రెండు విమానాల మధ్య కనీసం మూడు గంటలు ఉంచుకోండి.

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ నుంచి గల్ఫ్ పోయి, కట్టడాల మీద నుంచి పడి నడుం విరిగి తిరిగొచ్చేవాళ్ల సంగతి వేరే. కొత్త దెబ్బ కాబట్టి మెడిఫ్ ఫారం తప్పదు. కూర్చోలేకపోతే స్ట్రెచర్ కావాలి, దానికోసం కొన్ని వరుసల సీట్లు మడవాలి కాబట్టి ఆ సీట్లన్నిటికీ డబ్బు కట్టించుకుంటారు. అంత భారం మోయలేని కుటుంబం ఆ దేశంలోని భారత రాయబార కార్యాలయాన్ని విదేశాల్లోని భారతీయుల సంక్షేమ నిధి (ఐసీడబ్ల్యూఎఫ్) కింద సాయం అడగవచ్చు. డిశ్చార్జి కాగితాలు అరబిక్‌లో ఉంటే అక్కడే ఇంగ్లిష్ ప్రతి తీసుకోమని చెప్పండి, ఎయిర్‌లైన్ డాక్టర్‌కూ ఇక్కడి ఆసుపత్రికీ అదే పనికొస్తుంది.

వరంగల్ దగ్గరి మామునూరు ఎయిర్‌పోర్టుకు 2025 ఫిబ్రవరిలో కేంద్రం అనుమతి ఇచ్చింది. అక్కడ విమానాలు మొదలైతే మనకు మూడు గంటల రోడ్డు తప్పుతుంది. కానీ చిన్న ఎయిర్‌పోర్టుల్లో ఏరోబ్రిడ్జి ఉండటం అరుదు, వచ్చేవి ఎక్కువగా ఏటీఆర్ అనే చిన్న ప్రొపెల్లర్ విమానాలే అయితే వాటికి ప్రయాణికుల తలుపు వెనక ఉంటుంది, మెట్లు ఆ తలుపుకే అతికి ఉంటాయి. పెద్ద విమానాల ఎత్తుకు చేసిన ఆంబులిఫ్ట్ అన్నిటికీ సరిపోదు, ఏటీఆర్ తలుపు ఎత్తుకు దిగేది కావాలి, లేదా ఆ తలుపుకు సరిపోయే ర్యాంప్ కావాలి. టెర్మినల్‌లో ర్యాంపు వాలు 1:12 కంటే నిటారుగా ఉండకూడదు, బాత్రూం తలుపు 900 మిల్లీమీటర్లు, లోపల కుర్చీ తిరగడానికి మీటరున్నర ఖాళీ కావాలి. మన జిల్లాల వికలాంగుల సంఘాలు ఈ అంకెలు రాసిన వినతిపత్రం ఇప్పుడే కలెక్టర్‌కు, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీకి ఇవ్వాలి. గోడలు లేచాక తలుపు పది సెంటీమీటర్లు వెడల్పు చేయాలన్నా మళ్లీ టెండరే.